ఇస్త్రీ గది

పదకొండు దేశాల దుస్తులు
నా చేతికింద ఆవిర్లు కక్కుతున్నాయి.
ముడత ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలుసు:
చంక దగ్గర, కాలరు వెనక,
తళుకుబిళ్లల బరువు మోసే అస్తరు లోపల.
ఇరవై ఏళ్లుగా బాకూలో ఇదే పని.
పెళ్లికోట్లు, గుమాస్తాల చొక్కాలు,
ఒకసారి ఒక మంత్రిగారింటి పరదాలు.

ఈ నెల ఊరంతా కడిగారు.
సముద్రం ఒడ్డున కొత్త రాళ్లు పరిచారు,
పాత వాడ కనపడకుండా గోడ కట్టి
గోడ మీద దానిమ్మపూలు గీశారు.
పోలీసులకి నవ్వడం నేర్పారట, రెండు రోజుల శిక్షణ.
ఆ కడగడంలోనే
ఫౌంటెన్ పక్క బెంచీ మీంచి తుర్ఖాన్‌ని ఎత్తుకుపోయారు.

తొమ్మిది రోజులు.
తల గొరిగి పంపారు.
లోపల ముగ్గురి పేర్లు చెప్పాడట. నా పేరు చెప్పలేదు.
ఎందుకని అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు,
ఆ ముగ్గురిలో ఒకడు నాకూ తెలుసు.

సెమీఫైనల్ మధ్యాహ్నం, ఉత్తరదేశపు గాయకుడు
నీలం కోటు కోసం తనే వచ్చాడు.
వెంట అతని మనిషి: పొడుగ్గా, నిద్రమొహంతో,
చేతిలో సగం కొరికిన యాపిల్.
గుమ్మంలో ముద్దు పెట్టుకున్నారు,
మంచినీళ్లు తాగినంత మామూలుగా.
కాపలావాడు గోడ గడియారం వైపు తిరిగాడు.
వాడి కళ్లకి రెండు వారాలు సెలవు.
నేను పెట్టె ఎత్తడం మరిచాను.
కోటుకేం కాలేదు,
బల్ల మీది దుప్పటికి గోధుమరంగు మచ్చ పడింది.

రాత్రి టీవీ ముందు అమ్మ,
బుగ్గన చక్కెరముక్క, గ్లాసులో చల్లారిన టీ.
"ఏం గొంతురా! వాళ్లమ్మ కడుపు చల్లగా,
దిష్టి తగలకూడదు పిల్లాడికి."
పన్నెండు పాయింట్లూ వాడికే ఇచ్చేసింది.
ఈ అమ్మే, తుర్ఖాన్ సంగతి తెలిసిన రోజు,
"అలాంటి కొడుకు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అంది
బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండా.
ఎత్తి ఉంటే నా మొహం కనపడేది.
కనపడుతుందనే ఎత్తలేదేమో.

హాలు గోడల మీద రంగుల దీపాలు.
ఏడూ ఉన్నాయి, లెక్కపెట్టాను.
పక్కపక్కన పడకుండా
ఒక్కొక్కటే వదులుతున్నారు.

చివరిరోజు కోటు తొడుక్కుంటూ గాయకుడు ఏదో అడిగాడు.
దుబాసీ ఐతెన్ గొంతు తగ్గించి చెప్పింది:
"మాలాంటి వాళ్లకి ఇక్కడ ఎలా ఉంటుంది, అంటున్నాడు."
కాపలావాడు గడియారం చూడటం ఆపాడు.
వదులైన గుండీ ఒకటి బిగించాను, దారం కొరికాను.
"ఇక్కడ గాలి ఎక్కువ" అన్నాను,
"కిటికీలు వేసుకుని పడుకోమను."

ఐతెన్ నన్నొకసారి చూసింది.
అతని భాషలో ఏం చెప్పిందో తెలియదు కానీ
చాలాసేపు చెప్పింది,
నేనన్న రెండు ముక్కలకి అంతసేపు పట్టదు.
అతని నవ్వు మధ్యలో ఆగింది.
ఆవిరికి ఉబ్బిన నా చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.
నేనే ముందు లాక్కున్నాను.

సోమవారం పెట్టెలన్నీ విమానమెక్కాయి.
మంగళవారం కాపలావాడి కళ్లు డ్యూటీకొచ్చాయి.
తుర్ఖాన్ జుట్టు ఇంకా వేలికి అందదు,
టోపీ తీయడు.
మచ్చపడ్డ దుప్పటి ఉతికి తెమ్మన్నారు నన్ను.
ఇంటికి తెచ్చాను.
ఇంకా ఉతకలేదు.