ఆపద్ధర్మం

కువైట్‌లో, ఆరో అంతస్తు పాంట్రీలో
పంతొమ్మిదేళ్లుగా స్టవ్వు ముందు నేనే.
ఆ పక్క పెద్ద తలుపు మీద ఇత్తడి పలకలు మాత్రం
నాలుగు మారినాయి.
మొదటాయనకు పుదీనా,
రెండో ఆయనకు చక్కెర పడదు,
మూడో ఆయన పేరు కూడబలుక్కునేలోపే
మరలు ఊడదీసినారు.
ఇప్పటాయనకు కుంకుమపువ్వు, రెండు రేకలు.
మూడైతే కప్పు వెనక్కొస్తుంది.

చిట్వేలి నుంచి ఫోను:
"ప్రధానమంత్రికే టీ ఇస్తావంట,
మావాడి ఆకామా గురించి ఒక మాట చెప్పగూడదా?"
ఏం చెప్పేది?
ఇన్నేళ్లలో ఆ గదిలో నా నోటెంట వచ్చినవి రెండే.
"తఫద్దల్" ఒకటి, తుమ్మొకటి.

అసలు ఆయన ఏం చేయగలడు?
ఈజిప్టు గుమాస్తా హానీ టైపు కొడుతూనే చెప్పినాడు:
మంత్రుల పేర్లు రాసి పైకి పంపగలడు,
పైన కొన్ని కొట్టేస్తే
ముందునుంచీ తానే వద్దనుకున్నట్టు కూర్చోగలడు.
సభలో నిలబెట్టి అడిగితే జవాబియ్యగలడు,
జవాబు లేకుంటే రాజీనామా ఇయ్యగలడు.
అదొక్కటన్నా ఎవర్నీ అడక్కుండా చేసే పని అనుకున్నా.
కాదంట. దానికీ పైన సంతకం పడాలంట.

తెల్ల ఫోను మోగితే
ఆయన లేచి నిలబడి మాట్లాడతాడు,
గదిలో ఎవరూ లేకపోయినా.
(నేనుంటే ఎవరూ లేనట్టే.)
మునసబు కనపడితే మా తాత తలగుడ్డ తీసేవాడు.
ఈయన సర్దుకుంటాడు.

సోమవారం మళ్లీ రాజీనామా.
కొత్తవాళ్లొచ్చేదాకా అత్యవసరమైన పనులేనంట.
దాన్ని మా భాషలో ఆపద్ధర్మం అంటారని చెప్తే
హానీ మూడుసార్లు నోరు తిప్పి, వదిలేసి నవ్వినాడు.
జాబితా టైపయింది:
గోధుమల ఓడ, మందులు, కరెంటు.
తుడిచే మొఫిజుల్ ఆకామా గడువు గురువారం.
అది లేదు.
టీ పొడి కూడా లేదు, టీ మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రం ఫైళ్లు లేని బల్ల ముందు
ఆయనొక్కడే.
చెయ్యి వణికి మూడు రేకలు పడినాయి,
వెనక్కి పంపలేదు.
"ఎన్నేళ్లయింది ఇక్కడ?"
"పంతొమ్మిది."
"నాకు ఏడు నెలలు," అన్నాడు,
కిటికీలోంచి సముద్రం మీద లైట్లు చూస్తా.
ట్రేగుడ్డ కింద దాచిన మొఫిజుల్ కాగితం
సాసరు పక్కన పెట్టినా.
మొత్తం చదివినాడు. పెన్ను మూత తీసినాడు.
మళ్లీ పెట్టినాడు.
"పోయిన వారం తెచ్చింటే..."
అని ఆగి,
"పోయిన వారం కూడా, ఏమో," అన్నాడు.
పాత మడతల మీదే మడిచి ఇచ్చినాడు.

గురువారం పోయింది.
మొఫిజుల్ వెనక మెట్ల మీదుగా వచ్చి
తుడిచిపోతున్నాడు.
పలక ఊడదీసేవాడు నాలుగు మరలూ
నా చేతిలో పోసి, పట్టుకోమన్నాడు.
వచ్చేవాడికీ ఇవేనంట.
ఒకటి అరిగింది. చెప్పలేదు నేను.
జేబులో పోసుకొని
నీళ్లు పెట్టినా, ఎవరికో తెలీకుండానే.