వరుస

వారాసిగూడ మీసేవలో, జిరాక్స్ మిషన్ వేడి పక్కన నిలబడి
నేను రాసిన ఫారాన్ని
మొదటిసారి ఇంకొకరు నింపుతుంటే చూశాను.

మాదాపూర్‌లో దాన్ని రెండొందలసార్లు నింపింది నేనే.
ఇంటిపెద్ద: అఆఇఈ.
సభ్యులు: కఖగ, చఛజ.
అందరికీ తొంభై తొమ్మిదేళ్ళు.
ప్రతిసారీ పచ్చగా వెలిగి
‘సేవ్ అయింది’ అంది.

ఇక్కడ ఇంటిపెద్ద బోయిని అండాలు.
సెంట్రింగ్ పని. అరిగిన వేలిముద్ర
మూడోసారికి గానీ పడలేదు.
ముజాహిద్ రెండు వేళ్ళతో కొడుతున్నాడు,
ఒత్తు దగ్గర ఆగి, నాలుక కరుచుకుని.

లోపల నేను పెట్టిన పద్ధతి ఇది:
ముందు తల్లి వరుస టేబుల్లో కుదురుకోవాలి,
దానికో నంబరు పుట్టాలి,
ఆ నంబరు కొంగు పట్టుకుని
పిల్లల వరుసలు పక్క టేబుల్లోకి నడవాలి.
కొంగు దొరకని పిల్లకి లోపల చోటు లేదు.
ఒక్కరి దగ్గర తప్పొచ్చినా
తల్లితో సహా అందరూ వెనక్కి.
సగం ఇల్లు రాసుకుని సగం వదిలేయకూడదు కదా!
మీటింగులో ఈ మాటకి నన్ను మెచ్చుకున్నారు.

ఇద్దరు కొడుకులు ఎక్కారు.
మూడో పేరు, వెన్నెల.
తొమ్మిదేళ్ళది, వాటర్ ప్యాకెట్ మూల కొరుకుతూ
స్క్రీన్ వైపే చూస్తోంది.

“ఈ పోరి ఏం వరుస నీకు?”
“మా ఆడబిడ్డ సవతి బిడ్డ.
ఆమె సచ్చిపోయింది. ఆయన ఎటో పోయిండు.”

ముజాహిద్ జాబితా కిందికి లాగాడు, పైకి లాగాడు.
భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి.
అయిదే పెట్టాను నేను.
ఖాళీగా వదిలి నొక్కాడు.

‘సేవ్ కాలేదు. మళ్ళీ ప్రయత్నించండి.’

ఆ వాక్యం కూడా నాదే.
కొడుకులు పోయారు, అండాలు పోయింది,
అరిగిన వేలిముద్ర పోయింది.
వెనక టోకెన్ నలభై ఒకటి గట్టిగా నిట్టూర్చింది.

మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ ఒత్తుల దగ్గర ఆగుతూ.
మళ్ళీ మూడో పేరు.

“బిడ్డ అని కొట్టు.”
“రేపెవరన్న అడిగితే?”
“అడగనీ. అన్నం పెడుతున్న, తల దువ్వుతున్న.
నా కిందనే రాయి.”

కూతురు. ఒకే బటన్.
చక్రం తిరిగింది, తిరిగింది,
నలుగురూ ఒక్కసారే లోపలికి వెళ్ళిపోయారు.

రసీదు ముందు వెన్నెలే లాక్కుంది.
అక్షరాలు కూడబలుక్కుని చదివి,
“అత్తా, నా పక్కన నీ నంబరే పడ్డది!”
“పడదా మరి,” అంది అండాలు,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.

తిరుగు మెట్రోలో లాప్‌టాప్ తెరిచాను.
అయిదింటి కింద ఆరోది, ‘ఇతరులు’ అని కొట్టాను.
ఆ పిల్ల కూడబలుక్కుని చదవడం గుర్తొచ్చి చెరిపాను.
‘బంధువు’ అన్నాను. అదీ నిలవలేదు.
రాయదుర్గం వచ్చేసింది.
ఏదీ సేవ్ చెయ్యకుండానే మూశాను.