బార

గ్రీమ్స్‌పేటలో పంచర్ల అంగడి పక్కన
ఖలందర్ బాషా బైండింగు కొట్టు.
పదకొండేండ్లుగా నేనక్కడ కుట్టుపని చేస్తా ఉండాను.
బడి రిజిస్టర్లు, కోర్టు కట్టలు,
మామిడి మండీల చిట్టాలు.
మైదా గంజిలో మైలుతుత్తం కలిపితే
పురుగు రాదు,
వేళ్ళు మాత్రం నీలంగా మారతాయి.

పోయిన సోమవారం ఒక నిఘంటువు వచ్చింది.
ఇంగ్లీషుది. చచ్చిపోయిన ప్లీడరుదంట.
వీపు ఊడిపోయింది. మనవడు సంచిలో తెచ్చి
చింతపండు పోసినట్టు బల్ల మీద పోసి పోయినాడు.

గంజి ఆరేదాకా పనేముంది?
టెన్తు దాకా చదివినదాన్ని,
కూడబలుక్కుంటా చదివినాను.

నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువోడంట.
సిల్లీ అంటే దేవుడు చల్లగా చూసినోడంట.
గర్ల్ అంటే ఆడైనా మగైనా, ఇంత బిడ్డ.
క్లూ అంటే దారపుండ.
సరిగ్గా అప్పుడే నా ఒళ్ళోంచి దారపుండ జారి
కటింగు మిషను కిందికి దొర్లిపోయింది.
మీరు నమ్మకపోయినా సరే.

బాషాన్నకు చెప్తే
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి,
"దొరల మాటలే గాదు మేయ్,
మన తిరపతి మాటలు చూడు" అన్నాడు.
"కైంకర్యమంటే స్వామి సేవ గదా,
నా చీటీ డబ్బు మా బామ్మర్ది కైంకర్యం చేసినాడు.
నామం పెట్టినాడు, శఠగోపం పెట్టినాడు,
మొత్తం గోవిందా.
కొండ దిగేసరికి మాటకు గూడా
గుండు కొట్టేసి పంపిస్తారు!"
నవ్వీ నవ్వీ గంజి గిన్నె ఒలకబోసుకున్నాం.

వి అక్షరం దగ్గర నవ్వు ఆగిపోయింది.
విలన్: దొర భూమిలో పాటుపడేవాడు.
అంతే. కత్తి లేదు, ఎర్ర కళ్ళు లేవు.
గెనిమ మీద కూచుని సద్ది తిన్నోడు.
నానీ నానీ దుర్మార్గుడైనాడు.
ఎవరి నోట్లో నానితే మాట అట్లా కుళ్ళుతుందో
పుస్తకంలో రాయలేదు.
ఆ కాయితానికి గంజి కొంచెం ఎక్కువే పూసినాను.

పేజీలన్నీ కలగలిసిపోయుండాయి గాబట్టి
వి తర్వాత ఎఫ్ చేతికొచ్చింది.
ఫాదమ్.
లోతు కొలిచే కొలత, ఆరడుగులు.
దానికి ముందు, చీమల్లాంటి అక్షరాల్లో, పాత అర్థం:
చాపిన రెండు చేతులు. కౌగిలి.

ఇది మా నాయన మాట గదా.

మా నాయన చెంగల్రాయుడు
పెనుమూరు చుట్టుపక్కల బావులు తవ్వేవాడు.
తాడు కొస ఎడమచేత్తో పట్టి
రొమ్ము మీదుగా కుడిచెయ్యి చాపేవాడు.
ఒకటి అనడు, లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఊరి పెద్దాయన బావిలో
పద్నాలుగు బారలకు తడి తగిలింది.
తొలి నీళ్ళు ఆయన దోసిట్లోకి
పైనుంచి పోసినారు, బొక్కెన తగలకుండా.
మా చేన్లో ఇరవైరెండు బారలు పోయినా రాయే.

బోరు బండ్లొచ్చినాక లెక్క అడుగుల్లోకి మారింది.
ఎనిమిదొందలు. వెయ్యి.
వెయ్యడుగులకు ఎవరి చేతులు చాలతాయి?
నాయన తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని
అరుగు మీద కూచున్నాడు.
వాటితో నన్ను ఎత్తుకున్నట్టు గుర్తులేదు.
తాడు ఒరిసి ఒరిసి కాయలు కాసిన అరచేతులు,
గీరుకుంటుందని భయపడినాడేమో.
అడగలేదు. ఇప్పుడు అడగను లేడు.

బేస్తవారం ప్లీడరు మనవడొచ్చినాడు.
కొత్త అట్ట, బంగారు అక్షరాలు చూసి
"నైస్" అన్నాడు.
నేనూ బాషాన్నా మొగాలు చూసుకున్నాం.
"దారానికి గూడా వేరే లెక్కా? ఎంత పట్టిందేం?"
"పద్దెనిమిది బారలు."
"అంటే?"

చేతులు రెండూ బారచాపి చూపించినాను.
పిల్లోడు ఒకడుగు వెనక్కేసినాడు,
యాడ కౌగిలించుకుంటానో అని.

తప్పేం లేదు.
పుస్తకంలో ముందు అదే రాసుంది.