ఎడమచేతి ఎఫ్

తొంభై పౌండ్లకు వేలంలో కొన్నదట,
నల్ల ప్లాస్టిక్ ఓబో.
పెట్టెలో ఎవరిదో బస్సు టికెట్టు,
ఎండి చీలిన రెల్లు పీక ఒకటి,
పెదవి తగలక ఎన్నేళ్లయిందో.

గ్లెనిస్ ఓల్డ్‌రాయిడ్. అరవై మూడు.
తివాచీ మిల్లులో ముప్పై ఏళ్లు.
కుడి ఉంగరపు వేలిని మగ్గం ఒకసారి నమిలి వదిలేసింది.
అది లేస్తుంది, వాలుతుంది, రంధ్రం మూస్తుంది,
దూకమంటే మాత్రం దూకదు.

డి నుంచి ఎఫ్‌కు పోవాలంటే
ఆ వేలే దూకాలి, రంధ్రం మీంచి మీట మీదికి,
కాలవ దాటే మేకపిల్లలా.
ఖరీదైన ఓబోకు ఎడమ చిటికెన వేలి దగ్గర
అదే పని చేసే ఇంకో మీట ఉంటుంది.
దీనికి లేదు.
చవకగా చేసేవాడు మొదట కోసేది
ఎవరో ఒకరికి మాత్రమే కావలసినదాన్ని.

"పెట్టగలవా?" అంది.
పావలా కోడికి ముప్పావలా మసాలా అని మాకో మాట.
ఇంగ్లిషులో చెప్పబోయి, ఆమె చెయ్యి చూసి,
"గురువారం రండి" అన్నాను.

హడర్స్‌ఫీల్డ్‌లో రైలు వంతెన కింద నా కొట్టు.
ఈ లోయంతా ఇత్తడి బాకాల రాజ్యం,
సొట్టలు తీస్తే పూట గడుస్తుంది.
ఓబో ఏడాదికొకటి, దారి తప్పి వస్తుంది.
సన్నాయికి మీటలుండవు,
వేళ్లు వదిలేసింది ఊపిరి చూసుకుంటుంది.
ఇక్కడ ఊపిరిని అంతగా నమ్మరు,
స్వరానికో గుమాస్తా.

మేకుకు వేలాడుతున్న పాత క్లారినెట్ నుంచి
ఒక మీట కోశాను. జర్మన్ సిల్వర్.
ఆకురాయితో అరగదీసి, వెలిగారం పూసి,
మంట చూపిస్తే
టంకం ఒక్కసారిగా నీరై
సందులోకి తనంతట తనే పాకింది.
ఈ మాటలు నాకు తెలుగులోనే వస్తాయి.
పని నేర్పిన డెరెక్ వేరే పేర్లు చెప్పేవాడు,
చేతులు విన్నాయి, నోరు వినలేదు.

ప్లాస్టిక్‌కు చిల్లి వెయ్యడం ఇంకో కథ.
కాలిన దువ్వెన వాసన.
మొదటి స్తంభం వెంట్రుకవాసి పక్కకు పోయింది,
మీట దిగింది, లేవలేదు.
తిట్టాను. టీ పెట్టాను. టీ మర్చిపోయాను.
చిల్లి పూడ్చి మళ్లీ వేశాను.
నీలం ఉక్కు స్ప్రింగులు, సూదంత సన్నం,
రెండు విరిగాయి, మూడోది మాట విన్నది.

గురువారం వాన. ఆమె కోటు విప్పలేదు.
పీకను నోట్లో నానబెడుతూ
కొత్త మీటను పక్కింటి కుక్కను చూసినట్టు చూసింది.
డి.
ఎడమ చిటికెన వేలు దిగింది.
ఎఫ్.
మధ్యలో ఇన్నాళ్లూ తడబడిన చోట
ఏమీ లేదు.
మళ్లీ డి. మళ్లీ ఎఫ్. శ్రుతి కాస్త తక్కువే.
పైన మాంచెస్టర్ బండి పోతుంటే
అరల్లో మరలన్నీ గలగలమన్నా ఆపలేదు.

పదోసారికో పదిహేనోసారికో గమనించాను,
కుడి ఉంగరపు వేలు, ఊరికే లేస్తే చాలినా,
ప్రతి ఎఫ్‌కూ పాత మీట వైపు ఒరిగి
దూకబోయి ఆగుతోంది.

బిల్లులో "మీట, ఒకటి" అని రాశాను.
మేకు వైపు చూడలేదు.