లోపలి జేబు

మొఖొట్లాంగ్ కొండల్లో గురువారం ఆడవాళ్ళది.
పొయ్యి చల్లారినా, గొర్రె తప్పిపోయినా
ఎర్ర జాకెట్టు, నల్ల పావడా, తెల్ల టోపీ
తగిలించుకుని చర్చి మెట్ల దగ్గర చేరాల్సిందే.
ఆ జాకెట్లు కుట్టేది నేను.
ఎవరి భుజం ఎప్పుడు వంగిందో
ఎవరి నడుం ఏ చలికాలంలో సన్నబడిందో
నా టేపుకి తెలిసినంత పాస్టరుకి తెలీదు.

మామొలిబొహెంగ్ జాకెట్టుని ఆ ఏడు రెండుసార్లు బిగించాను.
మూడోసారి ఆమే రాలేదు.

నేల కింద నుంచి మొగుడు పిలుస్తున్నాడట.
పదకొండేళ్ళ కిందట దక్షిణాఫ్రికా బంగారు గనిలో
పోయినవాడు. శవాన్ని పైకి తేలేకపోయారు.
"ఊపిరాడటం లేదు, తవ్వవే" అంటున్నాడట.
ఆమె తవ్వింది.
పొయ్యి పక్కన, మంచం కింద, గడప లోపల
గడ్డపారతో, అది దాచేస్తే చెంచాతో,
చెంచా వంగిపోతే గోళ్ళతో.

మేం వెళ్ళాం. దాచడమెందుకు, నేనూ వెళ్ళాను.
చుట్టూ నిలబడి చేతులెత్తి
"వదిలిపో, వదిలిపో" అని అరిచాం,
దయ్యానికి చెవుడన్నట్టు.
గొంతులు పోయేదాకా అరిచి, చెమట తుడుచుకుని
టీ తాగి వచ్చేశాం.
ఆ రాత్రి ఆమె ఇంకో గుంట తవ్వింది.

నెలకోసారి గుర్రమ్మీద వచ్చే నర్సు,
న్తెబొహెలెంగ్ అని బక్కపలచని పిల్ల, మాత్రలిచ్చింది.
ఇచ్చి మావైపు తిరిగి
"ఖాళీ కడుపున వేసుకోకూడదు.
రోజూ ఎవరు వండిపెడతారు?" అంది.
మా ప్రార్థనల్లో ఎన్నడూ రానంత నిశ్శబ్దం అప్పుడొచ్చింది.

ముసలి మాఖొత్సో ముందు నోరు విప్పింది:
"కీర్తనలు మర్చిపోతున్నానీమధ్య.
సంకటి కెలకడం ఇంకా మర్చిపోలేదు."

అలా మొదలైంది. వంతుల కాగితమేమీ లేదు.
ఒకరోజు ముగ్గురం తలో గిన్నెతో ఎదురుపడేవాళ్ళం,
ఒకరోజు ఎవరం వెళ్ళలేదని చీకటిపడ్డాక తెలిసి
చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాం.
గుంటలు పూడ్చమని ఆమెతో అనలేదు.
వాటిని తప్పించుకుని నడవడం కాళ్ళకే అలవాటైంది.

గురువారాన్ని ఆమె ఇంటికి మార్చుకున్నాం.
పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు పాడేవాళ్ళం.
నడుమ చెయ్యెత్తి, "ఉండండి, ఆయనేదో అంటున్నాడు" అనేది.
ఉండేవాళ్ళం.

జూలైలో మంచు కనుమదారిని మూసేసింది.
మాత్రలు నాలుగే మిగిలాయి.
మా చెల్లెలి కొడుకు మొలెఫి, దేవుడి పేరెత్తితే నవ్వేవాడు,
గుర్రం కళ్ళెం పట్టుకుని నడిచి పోయి
మూడో రోజు తిరిగొచ్చాడు.
ఒంటిమీద దుప్పటి గడ్డకట్టి చెక్కలా నిలబడింది.
చంకలో మాత్రలు మాత్రం వెచ్చగా ఉన్నాయి.
వాణ్ణి ఆ తర్వాత చర్చికి రమ్మని పోరలేదు.

నయమైందా అని పై ఊరివాళ్ళు అడుగుతారు.
ఏం చెప్పను? ఒక నెల నవ్వుతుంది,
ఒక నెల గోడవైపు తిరిగి పడుకుంటుంది.

ఒక సాయంత్రం, మొక్కజొన్న కంకుల దుప్పటి
చెవులదాకా కప్పుకుని కూర్చుని అడిగింది:
"ఆరోజు నువ్వూ అరిచావు కదూ?"
సూది వేలికి దిగింది.
"అరిచాను."
"అందర్లోకీ నీ గొంతే పెద్దది.
కాసేపు ఆయన మాట వినబడలేదు.
హడలిపోయాను, మళ్ళీ చచ్చిపోయాడేమోనని."

ఇన్నేళ్ళ గురువారాల్లో నేర్చుకున్న ఒక్క వాక్యమూ
నాలుకమీదికి రాలేదు.
సంకటి గిన్నె ఆమెవైపు జరిపాను.

ఈ వారం ఆమెకి కొత్త జాకెట్టు కుట్టాను.
మాత్రలు ఒళ్ళు తెస్తాయని నర్సు చెప్పింది,
నడుం దగ్గర రెండు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి ఉంచాను.
ఎడమవైపు, పైకి కనబడకుండా ఒక జేబు,
మాత్రల కోసం.
తొడుక్కుని, తడుముకుని, లోపలికి పోయి
ఆ జేబులో ఒక చెంచా పెట్టుకుని వచ్చింది.

ఏ చెంచా అని నేనడగలేదు.
టోపీ సరిచేసి, చెయ్యి పట్టుకుని
మెట్లు ఎక్కించాను.