గుణుపురం పాసింజరులో ఖాళీ

పాతపట్నంలో కిటికీ పక్కాయన దిగిపోయాడు.
నడిమాయన కిటికీకి జరిగాడు,
నడిమికి జీడిపిక్కల బస్తా ఆవిడ,
ఆవిడ చోటికి నేను.
ఎవరూ అనుకోకుండానే
ఖాళీ ఒక్కటీ తలుపు దాకా నడిచి వెళ్ళింది.

"హోల్ అంటే ఏటి మేడమ్?" అని
మొన్న అడిగిన సుమంతి సబరకు
ఇదే చెప్పాలి.
ఎలక్ట్రాన్ లేచి వెళ్ళిన చోటు.
తనంతట తాను ఏమీ కాదు,
అయినా దానికి బరువు లెక్కగడతాం,
ప్లస్ గుర్తు పెట్టి
ఎంత దూరం పోయిందో రాసుకుంటాం.

ఒళ్ళో టిఫిను డబ్బా. అన్నం లేదందులో.
సిలికా జెల్ పొట్లాల మధ్య గాజుబిళ్ళ,
దాని మీద నేరేడు రంగు పెరోవ్‌స్కైట్ పొర.
విశాఖలో గ్లవ్ బాక్సు దాటినప్పటి నుంచీ
నాకు వానంటే భయం.
ఆగస్టు గాలి ఒక్క పూట తగిలినా
అంచుల నుంచి పచ్చబడుతుంది
కామెర్లొచ్చిన కంటిలా.
కానీ ఇందులో పుట్టిన జంట
ఒకరినొకరు ఇట్టే వదిలేస్తారు,
వంశధార ఇసుకలో పిల్లల్లా
చెరో వైపూ, చాలా దూరం.

ప్లాస్టిక్ సెల్ అలా కాదు.
అక్కడ చెయ్యీ చెయ్యీ పట్టుకునే పుడతాయి. వదలవు.
పది నానోమీటర్లు తిరుగుతాయి, అంతే ఆయుష్షు.
ఈ లోపు సరిహద్దు తగలాలి,
ఇచ్చేది అయిపోయి పుచ్చుకునేది మొదలయ్యే చోటు.
తగిలితే విడిపోతాయి. అదే కరెంటు.
తగలకపోతే కాస్త వేడి,
ఎవరికీ అందనిది.

అందుకే రెంటినీ విడివిడిగా ఉంచం.
ఎక్కడ చూసినా సరిహద్దే ఉండేట్టు
కలిపేస్తాం, బస్తా ఆవిడ
మనవణ్ణి లేపినట్టు:
"ఒలే గుంటా, కాశీనగర్ ఆసిలా, లెగు!"

రాత్రి ల్యాబులో దీపాలన్నీ తీసేశాం.
సెల్‌కి వెనక నుంచి కరెంటు ఎక్కించాం.
వెళ్ళినవి తిరిగొచ్చి కలుసుకున్న చోట
కంటికి అందీ అందని ఎరుపు.
"ఎండ పెట్టిన దాన్ని దీపం చేసేసారేటి!" అంది సుమంతి.
మంచి సెల్ దీపమై కూడా వెలగాలి, అన్నాను.
ఫోను కెమెరా దగ్గరగా పెట్టి చూసింది.

"ఈ మూల నల్లగున్నాది మేడమ్.
ఇక్కడవి కలవలేదా?"

కలిశాయి, అన్నాను.
అక్కడా కలిశాయి.
చెప్పలేదంతే.