తూకం చీటీ

ఆ ఉదయం పదకొండు మందినీ తూచింది నేనే.

గడ్డి రన్‌వే పక్కన రేకుల షెడ్డు,
అందులో ఒకప్పుడు పందుల్ని తూచిన కాటా.
చెప్పులతోనే ఎక్కమంటాను,
ఊపిరి బిగపట్టినా బరువు తగ్గదంటాను,
ముల్లు నిలిచాక రాస్తాను.
లోసేలీ అరవై ఒకటి.
పాస్టర్ కెలెపీ నూట ఎనిమిది,
"తొంభై వెయ్యవయ్యా, మా ఆవిడ చూస్తోంది" అన్నాడు.
సేమిసీ మనవరాలు పందొమ్మిది,
గుడ్డ తాబేలుతో కలిపి.

పన్నెండో రోజు చర్చి హాల్లో మీటింగు.
పోయినవాళ్ళ తాలూకు మనుషులు
నడుముకి చిరిగిన చాపలు చుట్టుకొచ్చారు.
టోంగాలో దుఃఖాన్ని అలాగే కట్టుకుంటాం,
పోయిన మనిషి ముందు ఎంత చిన్నవాళ్ళమైతే
అంత ముతక చాప.

రాజధాని నుంచి అధికారి వచ్చాడు, పడవలో.
పడవలో ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు.
ఈ మోడల్‌వి ప్రపంచంలో నాలుగొందలున్నాయన్నాడు,
పది లక్షల గంటలు ఎగిరాయన్నాడు,
ఒక్కటి కూలితే అన్నిటినీ కట్టేస్తామా అన్నాడు.
కంపెనీ ఉత్తరం చదివాడు:
విచారం రెండు వాక్యాలు, భరోసా రెండు పేజీలు.

ఉంగాతేయా టీచరు లేచింది.
"మీ పది లక్షల గంటల్లో
నలభై నిమిషాలు మా తమ్ముడివి.
అవి తీసేసి లెక్క చెప్పండి."

వెనకనుంచి ఎవరో,
పక్క దేశం ఆపేసిందట.
ఇంకెవరో,
తయారుచేసిన దేశం ఇంకా ఆలోచిస్తోందట.

అప్పుడు నర్సు మాతెలీతా, కూర్చున్నచోటు నుంచే:
"ఆపండి. సరే.
అడ్డం తిరిగిన బిడ్డని ఇరవైరెండు గంటలు
అలల మీద ఎవరు మోస్తారు?
పోయినేడు తొమ్మిది మందిని ఆ రెక్కల మీదే పంపాను.
తొమ్మిదిమందీ తిరిగొచ్చారు. ఇద్దరు ఈ హాల్లోనే పాకుతున్నారు."
ఆమె నడుముకీ చాప ఉంది.

నేను గుమ్మం దగ్గర.
ఆపెయ్యాలి, ఆపెయ్యాలి అని
లోపల ఒకటే జపం.
పిల్లల కోసం కాదు, పాస్టర్ కోసం కాదు.
మోడల్‌దే తప్పని ఎవరైనా రాసిస్తే
నాకు నిద్ర పడుతుందని.

లోసేలీ చివర్లో పరిగెత్తుకొచ్చింది,
ఆసుపత్రిలో ఉన్న అక్కకి పెండలం దుంపల బుట్టతో.
మబ్బు దిగుతోంది, పైలట్ చెయ్యూపుతున్నాడు.
కాటా మీద పెట్టలేదు.
చేత్తో లేపి చూసి, పద్నాలుగు అని రాశాను.
ఆనాటి నుంచి రాత్రంతా ఈ చెయ్యి
అదే బుట్టని లేపుతోంది.
పద్నాలుగా? ఇరవయ్యా?
తెల్లారేసరికి ముప్పై దాటుతుంది.

ఎప్పుడు లేచానో తెలీదు.
జేబులోని చీటీ తీసి చదివాను,
పదకొండు పేర్లు, పదకొండు అంకెలు.
బుట్ట దగ్గర ఆగి, ఇది తూచలేదు అన్నాను.

అధికారి ఏదో రాసుకున్నాడు.
హాల్లో పసిపిల్లల చప్పుడు తప్ప ఏమీ లేదు.
చాలాసేపటికి లోసేలీ భర్త
తల ఎత్తకుండానే అన్నాడు,
"ఆ బుట్ట కట్టింది నేను.
పదమూడు దుంపలు. సగం చిన్నవి."
అంతే.
తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు.

తలా పాపం తిలా పిడికెడు అంటారు.
పిడికెడంటే ఎన్ని గ్రాములో
ఎవరు తూచి చూశారు?

ఏమీ తేలలేదు.
పైకి రాస్తామన్నారు. అధికారి మళ్ళీ పడవెక్కాడు.
అదే మోడల్ రెండో విమానం
గడ్డిలో తాళ్ళతో కట్టేసి ఉంది,
రెక్క నీడలో కోళ్ళు.

మర్నాడు అలవాటుగా షెడ్డు తెరిచాను.
కాటా ఖాళీ.
ముల్లు సున్నా దగ్గర లేదు,
అర కిలో చూపిస్తోంది.
తువ్వాలుతో పళ్ళెం తుడిచాను.
ఇసుక రాలింది కొంచెం.
ఇంకా
అర కిలోనే.